వంజంగి కొండకి 850 రూపాయల చార్జింగ్ లైటు

కిందటేడు పాడేరు దగ్గరి వంజంగి కొండ ఎక్కేటప్పుడు అందరం ఫోన్ లైట్లే నమ్ముకున్నాం. సగం దారిలో రాయి కనబడక అక్క కాలు మడతపడింది, సూర్యోదయం చూడకుండానే దిగిపోయాం. అందుకే ఈ డిసెంబర్‌లో మళ్లీ బయలుదేరే ముందు పిడి ఉన్న పెద్ద చార్జింగ్ లైటు ఒకటి కొన్నాను. రాత్రిపూట మోటారు వేయడానికి రైతులు చేత్తో పట్టుకెళ్తారే, ఆ రకం. 850 రూపాయలు.

డబ్బా మీద 10000 ఎంఏహెచ్ (బ్యాటరీలో ఎంత చార్జింగ్ పడుతుందో చెప్పే లెక్క) అని ఉంది, అది మాత్రం నమ్మకండి. వెనక మూత తిప్పి చూస్తే లోపల ఉన్నది ఒక్కటే 18650 సెల్, అంటే వేలంత చార్జింగ్ బ్యాటరీ, ఆ సైజు సెల్‌లో మంచి కంపెనీదైనా మామూలుగా 3500 చుట్టుపక్కలే పడుతుంది. ఇంట్లో పరీక్షించి చూశాను, ఫుల్‌లో పెడితే గంటా యాభై నిమిషాలకి వెలుగు బాగా తగ్గిపోయింది, తక్కువలో పెడితే తొమ్మిది గంటలు వెలిగింది. ఆ ధరకి ఇది చాలా మంచి పనితనమే.

వైజాగ్ నుంచి చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు దాదాపు 110 కిలోమీటర్లు. మాడుగులలో హల్వా కొనుక్కుని ఘాట్ ఎక్కాం. పాడేరులో లాడ్జి గది 1500. పక్కలు శుభ్రంగా ఉన్నాయి, కానీ ఏడింటికి కరెంటు పోతే జనరేటర్ లేదు, మూడింటికి వేడినీళ్లు ఇస్తామన్నవాళ్లు తలుపు కొట్టినా లేవలేదు. లైటుని బల్ల మీద నిలబెట్టి పైకప్పుకి తిప్పితే గదంతా వెలుగొచ్చింది, మా మేనల్లుడు ఆ వెలుగులోనే అన్నం తిన్నాడు. కొండ కింద గుడారాలు కూడా అద్దెకిస్తున్నారు. అందులో ఉంటే తెల్లవారుజామున బండి తీసే పని ఉండదు కానీ చలి నేలలోంచి వస్తుంది, బాత్‌రూమ్‌ల దగ్గర చీకట్లో వరస. కుర్రాళ్లయితే గుడారమే, పిల్లలూ ఆడవాళ్లూ ఉంటే పాడేరు గదే మేలని నా అభిప్రాయం.

నాలుగింటికి ఎక్కడం మొదలుపెట్టాం. కింద అంతా బాగుంది, దూరంగా మలుపులో ఉన్న చెట్టు కూడా స్పష్టంగా కనబడింది. పైకి పోయేకొద్దీ మంచు కమ్మేసింది. ఫుల్‌లో వేస్తే ఎదురుగా తెల్లగోడ తప్ప ఇంకేం లేదు, అంత వెలుగూ నీటి తుంపరలకి తగిలి తిరిగి మన కళ్లలోకే కొడుతుంది. బావ అన్నాడు, "కిందకి దించరా, మోకాలి దగ్గర పట్టుకో." తక్కువ వెలుగులో పెట్టి మోకాలి ఎత్తులో పట్టుకుంటే రాళ్లు, వేర్లు, జారుడు మట్టి అన్నీ తెలిశాయి. దీనికే పక్కన ఉన్న, వెడల్పుగా వెలుగిచ్చే లైటు ఇంకా మంచిది, వెనక వచ్చేవాళ్లకి కూడా దారి కనబడుతుంది. కొండల్లో నడకకి లైటు ఎంత దూరం కొడుతుందన్నది కాదు, కాళ్ల ముందు పది అడుగులు ఎంత బాగా చూపిస్తుందన్నదే చూసుకోవాలి. ఎదురొచ్చేవాళ్ల మొహం మీద మాత్రం కొట్టొద్దు, చీకటికి అలవాటుపడిన కళ్లు మళ్లీ సర్దుకోవడానికి చాలాసేపు పడుతుంది.

అక్క ఈసారి పైదాకా వచ్చింది. ఆరున్నర ప్రాంతంలో మబ్బుల సముద్రం మీద ఎండ పడుతుంటే తను మాట్లాడలేదు, మా చేతులు పట్టుకుని నిలబడింది అంతే.

తిరుగు దారిలో జి.మాడుగుల వైపు కొత్తపల్లి జలపాతం చూసి, చింతపల్లి మీదుగా లంబసింగి వెళ్లాం. లంబసింగిలో రెండో రాత్రి ఒక ఇంట్లోనే గది తీసుకున్నాం, 1800. పాడేరు లాడ్జి కంటే వందరెట్లు నయం, ఆ ఇంటామె పొయ్యి మీద నీళ్లు కాచి ఇచ్చారు, బొంగులో చికెన్ వండిపెట్టారు. కానీ ఆదివారం పొద్దున్న ఊరంతా బండ్లే, వారం మధ్యలో వెళ్లగలిగితే వెళ్లండి.

లైటులో నాకు నచ్చనిది స్విచ్. పిడి మీదే ఉంది, లాక్ లేదు. బ్యాగులో నొక్కుకుపోయి పాడేరు చేరేసరికి వేడెక్కిపోయి ఉంది, చార్జింగ్ సగం అయిపోయింది. లాడ్జిలో కరెంటు వచ్చాక మళ్లీ పెట్టాల్సొచ్చింది. చార్జింగ్ రంధ్రం మీది రబ్బరు మూత కూడా వదులే, మంచులో తడవకుండా రుమాలు చుట్టాను. చేతికి తగిలించుకునే తాడు రెండోరోజే ఊడింది.

అయినా బావకి తెగ నచ్చేసింది, చెరుకు తోటకి నీళ్లు పెట్టడానికి బాగుంటుందని తీసుకెళ్లిపోయాడు. నేను ఇంకోటి చూస్తున్నాను, స్విచ్‌కి లాక్ ఉన్నది, వెయ్యిలోపు.