పది లీటర్ల ఇనప డబ్బా: నూజివీడు తోటకు పెట్రోల్ మోసిన పది నెలలు

నూజివీడు దగ్గర మాకు మూడెకరాల మామిడితోట ఉంది. నాన్న పోయాక నేనే చూసుకుంటున్నాను. ఉద్యోగం విజయవాడలో కాబట్టి ప్రతి ఆదివారం మా వ్యాగనార్‌లో నున్న, ఆగిరిపల్లి మీదుగా వెళ్లొస్తాను. గడ్డి కోసే మిషను, పవర్ స్ప్రేయరు, కొమ్మలు తీసే రంపం మూడూ పెట్రోల్‌తో నడిచేవే. తోట చూసే బాబాయికి బండి లేదు, దగ్గర్లో బంకూ లేదు. పెట్రోల్ నేనే పట్టుకెళ్లాలి.

నాన్న ఐదు లీటర్ల వంటనూనె ప్లాస్టిక్ టిన్నులో తెచ్చేవారు. నేనూ అదే పట్టుకున్నాను. పోయిన మే నెలాఖరున, కోతలయ్యాక ఎండుకొమ్మలు తీయించాలని టిన్ను నింపి డిక్కీలో పెట్టాను. వెనక సీట్లో మా అబ్బాయి. దారిలో టిఫిన్‌కి ఆగి, కారు ఎండలో పెట్టి అరగంట తర్వాత వచ్చి డోరు తీస్తే గుప్పున వాసన. టిన్ను గుమ్మడికాయలా ఉబ్బింది. మూత సందులోంచి కారి డిక్కీ మ్యాటు తడిసిపోయింది. తలుపులన్నీ బార్లా తీసి, వాడిని దూరంగా చెట్టు కిందికి పంపి, టిన్ను బయట పెట్టి ముప్పావుగంట అలాగే ఉన్నాం. తాళం తిప్పడానికి చెయ్యి రాలేదు నాకు. వాడికి ఆ రోజంతా తలనొప్పి, రెండు వాంతులు. మ్యాటు పారేశాను, టిన్ను కూడా.

ఆ వారంలోనే ఆటోనగర్‌లో ఒక దుకాణంలో ఈ డబ్బా కొన్నాను. మిలిటరీ జీపుల వెనక ఉంటుందే, ఆ ఆకారం. పది లీటర్లది, పందొమ్మిది వందలు పడింది. ఇరవై లీటర్లదీ చూపించారు గానీ నింపాక నేను ఒక్కదాన్నే ఎత్తలేను. ఇది ఖాళీగా దాదాపు మూడు కిలోలు, తొమ్మిది లీటర్లు పోస్తే పది కిలోల లోపే.

కొనేముందు చట్టం ఏమంటుందో చదివాను. 1934 నాటి పెట్రోలియం చట్టంలో ఎనిమిదో సెక్షను మనలాంటి వాళ్ల కోసమే ఉంది. అమ్మకానికి కాకుండా సొంత అవసరానికైతే, మొత్తం ముప్పై లీటర్లు దాటనంతవరకు లైసెన్సు అక్కర్లేదు. కానీ దేనిలో ఉంచాలో కూడా అక్కడే చెప్పారు. గట్టిగా మూత బిగించిన గాజు సీసాగానీ జాడీగానీ అయితే లీటరుకు మించకూడదు, లోహపు డబ్బా అయితే ఇరవై ఐదు లీటర్లకు మించకూడదు. ప్లాస్టిక్ మాటే ఎత్తలేదు. నాన్న టిన్ను, మన కూల్‌డ్రింకు సీసాలు ఏవీ ఆ లెక్కలోకి రావు. కారు ట్యాంకులో ఉన్న పెట్రోల్‌ని ఈ ముప్పైలో కలపరు. రైల్లో అయితే చుక్క కూడా వద్దు. ప్రమాదకరమైన సరుకు దొంగచాటుగా తీసుకెళ్తే మూడేళ్ల దాకా జైలు ఉంది. ఒకసారి నాకు కుదరక, బస్సులో ఒక సీసా తెచ్చుకుంటానని బాబాయి అంటే గట్టిగా వద్దన్నాను.

ఇక డబ్బా సంగతి. మూతకు తిప్పే మర ఉండదు, మీట ఉంటుంది. మీటను నొక్కి కిందికి దించితే రబ్బరు వాషరు మీద బిగుసుకుంటుంది, పైన చిన్న పిన్ను. పిన్ను వేస్తే డిక్కీలో డబ్బా పక్కకు పడినా తెరుచుకోదు. ఈ పది నెలల్లో ఒక్క చుక్క కారలేదు, కారులో వాసన రాలేదు. ఈ డబ్బాకి నేను వేసే మార్కుల్లో సగం ఈ మూతకే. రెండు పక్కలా రేకు మీద గుణకారం గుర్తులా నొక్కులున్నాయి. అవి అందం కోసం అనుకున్నాను. ఎండకు లోపల ఒత్తిడి పెరిగినప్పుడు రేకు ఉబ్బడానికి, మళ్లీ సర్దుకోవడానికి అట. డిజైను 1930ల్లో జర్మన్ సైన్యం కోసం చేసింది. జర్మన్లను బ్రిటిష్ సైనికులు జెర్రీలు అనేవారు, అందుకే జెర్రీ క్యాన్ అన్న పేరు. పైన మూడు పట్టీలు ఎందుకో బాబాయి చూడగానే చెప్పాడు. "ఒక్కడైతే నడిమిది, ఇద్దరైతే చెరో పక్కదీ పట్టుకుంటారమ్మా."

పది లీటర్ల డబ్బా అయినా తొమ్మిది దగ్గర ఆపిస్తాను. పెట్రోల్ ఒక్కో డిగ్రీ వేడికి వెయ్యింట ఒక వంతు వ్యాకోచిస్తుంది. పొద్దున బంకులో ముప్పై డిగ్రీలు ఉన్నది మూసిన కారులో అరవైకి చేరితే, పది లీటర్లు పావు లీటరుకు పైగా పెరుగుతుంది. ఆవిరికి కూడా చోటు కావాలి. తోటకి చేరాక నీడలో కాసేపు ఉంచి, మొహం పక్కకి తిప్పి మీట కొద్దిగా లేపుతాను. బుస్సుమంటుంది. అది ఆగాకే పూర్తిగా తీస్తాను.

బంకులో మొదటిసారి వెళ్లినప్పుడు డబ్బా చూసి "విడిగా పొయ్యం మేడం" అన్నారు. తోట సంగతి చెప్పి, రేకు డబ్బా అని చూపిస్తే లోపల అడిగొచ్చి పోశారు. ఇంకో బంకులో ససేమిరా అన్నారు, వాళ్లతో వాదించలేదు. డిక్కీలో ఉంచే నింపమని ఎప్పుడూ అడగకండి. డబ్బా నేల మీద దించాలి, గన్ను మూతికి ఆనించి నెమ్మదిగా పోయించాలి. పెట్రోల్ పారేటప్పుడు కరెంటు పుడుతుంది. డబ్బా నేలను తాకి ఉంటేనే అది భూమిలోకి పోతుంది. డిక్కీలోని కార్పెట్టు మీద ఉంటే పోయే దారి లేదు, నిప్పురవ్వ లేస్తే చాలు. మా బంకు కుర్రాడు అడక్కుండానే "కింద పెట్టండి మేడం" అంటాడు. ఇరవై ఏళ్లు కూడా ఉండవు, ఎవరు నేర్పారో గానీ బాగా నేర్పారు.

వ్యాగనార్ లాంటి కార్లలో డిక్కీకీ సీట్లకీ మధ్య గోడ లేదు. డిక్కీలో లేచిన ఆవిరి మనం పీల్చేదే. పైగా పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు, పైకి పోదు, కాళ్ల దగ్గరే చేరుతుంది. అందుకే ఇప్పుడు డబ్బాను నిలబెట్టి వెనక సీటుకి నైలాను బెల్టుతో కడతాను, అద్దాలు కొంచెం దించి నడుపుతాను, మధ్యలో ఎక్కడా ఆగను, పిల్లాడిని ఆ రోజు తీసుకెళ్లను. రాత్రి ఇంటి ముందు కారులో ఎప్పుడూ ఉంచలేదు.

లోపాలకొస్తే, దీంతో ఇచ్చిన ముక్కు పనికిరాదు. పొడుగాటి రేకు గొట్టం, డబ్బా మూతి మీద సరిగ్గా కూర్చోదు. వంచగానే అతుకు దగ్గర కారి చెయ్యంతా పెట్రోల్. డబ్బా మూతిలో గాలి పోవడానికి సన్నటి గొట్టం ఉంది గానీ ఈ ముక్కు దాన్ని మూసేస్తోంది, దాంతో గుడగుడమంటూ ఎగిరెగిరి పడుతుంది. స్ప్రేయర్ ట్యాంకు మూతి చిన్నది, ఒక్కసారి కూడా పొర్లకుండా పోయలేకపోయాం. జల్లెడ ఉన్న రేకు గరాటు వేరే కొన్నాక కుదుటపడింది. పోసేది ఇంజను చల్లారాకే. పూత మీద తేనెమంచు పురుగుకి మందు కొట్టే రోజుల్లో బాబాయికి తొందర, ట్యాంకు అయిపోగానే వేడి సైలెన్సరు పక్కనే పోయబోతాడు. పది నిమిషాలు కూర్చోబెట్టి మజ్జిగ ఇస్తాను.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. తేమ పీలుస్తుంది, అందుకే నెలకు మించి ఉంచను. వానల్లో రెండు నెలలు మరిచిపోయిన నాలుగు లీటర్లతో గడ్డి మిషను స్టార్టే కాలేదు, కార్బురేటరు విప్పించాల్సొచ్చింది. సంక్రాంతికి డబ్బా ఖాళీ చేసి రోజంతా ఆరబెట్టి, ఎండ పడేలా వంచి చూశాను. లోపలి పూత బాగానే ఉంది, మూతి అంచున గోరంత తుప్పు. వాషరు గట్టిపడి అంచున బీటలిచ్చింది, దుకాణంలో అరవై రూపాయలకు కొత్తది దొరికింది. కొనేటప్పుడే ఇంకోటి అడిగి తెచ్చుకోండి.

మూతకు ఐదుకు ఐదు, రేకుకు నాలుగు, ముక్కుకు సున్నా. వచ్చే నెల ఇదే రకంలో ఐదు లీటర్లది కొంటున్నాను, ముక్కు లేకుండా ఇస్తే నూట యాభై తగ్గిస్తానన్నారు.