గుత్తి గులాబీయా, ఒంటి పువ్వు గులాబీయా: తిరుపతి ఎండకు ఏది మేలు?

సంక్రాంతి వచ్చిందంటే మా గేటు దగ్గర ఆగేవాళ్లు ఎక్కువవుతారు. గుత్తులుగా పూసే ఫ్లోరిబండా గులాబీల కుండీలు పూతతో నిండుగా ఉండే రోజులవి. అందరిదీ ఒకే ప్రశ్న: "ఇంట్లో పెట్టుకోవడానికి ఇది మంచిదా, పెద్ద పువ్వు పూసే హైబ్రిడ్ టీ మంచిదా?" రెండూ పెంచాను. ఇప్పుడు మా మేడ మీద ఏడు గులాబీ కుండీలుంటే ఆరు ఫ్లోరిబండావే.

హైబ్రిడ్ టీ అందాన్ని కాదనలేం. పొడవాటి కాడ, కొసన ఒకే మొగ్గ, పొరలు పొరలుగా చుట్టుకున్న రేకులు. కోసి సీసాలో పెట్టుకోవడానికి దానికి సాటి లేదు. డిసెంబరు, జనవరిలో మన దగ్గరా అరచేయంత పూస్తుంది. చిక్కంతా ఏప్రిల్ నుంచే. ఎండ 40 డిగ్రీలు దాటిన రోజున తెల్లవారి విచ్చిన పువ్వుకు మధ్యాహ్నానికే రేకుల అంచులు మాడతాయి, సాయంత్రానికి నడుమ పుప్పొడి బయటపడుతుంది. ఆ కొమ్మకు ఉన్నది ఆ ఒక్కటే. దాన్ని కత్తిరించాక కొత్త చిగురు వచ్చి, మొగ్గ తొడిగి, మళ్లీ పూయడానికి దాదాపు నెలన్నర పడుతుంది.

నా దృష్టిలో తేల్చేది ఈ నెలన్నరే. ఫ్లోరిబండాకూ ఎండ తగులుతుంది, దాని పువ్వూ వేసవిలో చిన్నదవుతుంది. అయితే ఒక్కో కొమ్మకు ఐదారు మొగ్గలు, బలమైన కొమ్మయితే పదికి పైనే ఉంటాయి. అన్నీ ఒక్కరోజే విచ్చవు. గుత్తి నడుమ ఉన్న లావు మొగ్గ ముందు, పక్కవి వంతులవారీగా. నేటి పువ్వు మాడినా రేపటిది రంగు చూపిస్తూ ఉంటుంది. నడిమి మొగ్గను బఠాణీ గింజంత ఉన్నప్పుడే గిల్లేస్తే మిగిలినవి ఇంచుమించు కలిసి విచ్చి గుత్తి గుండ్రంగా వస్తుంది. చలికాలంలో అలాగే చేస్తాను, వేసవిలో మాత్రం దాని జోలికి పోను.

రంగుల మీద మోజున్నవాళ్లకూ ఇదే. 1949లో వచ్చిన మాస్కరేడ్ అనే ఫ్లోరిబండా రకం పసుపుగా విచ్చి, గులాబీ రంగుకు తిరిగి, చివరికి ఎర్రబడుతుంది. ఒకే గుత్తిలో మూడు రంగులూ కనిపిస్తాయి. చాక్లెట్ రంగు మోహిని మన దేశంలో పుట్టిన ఫ్లోరిబండాయే.

దీనికీ పని ఉంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు ముసురు. రాలిన రేకులు ఆకులకు అంటుకుని కుళ్లుతాయి, తడి ఆరని ఆకుల మీద నల్లమచ్చ తెగులు పాకుతుంది. వాడిన పూలు ఏరేయాలి, కుండీల మధ్య గాలి ఆడనివ్వాలి, నీళ్లు పొద్దున్నే మొక్క మొదట్లో పోయాలి. హైబ్రిడ్ టీకీ ఈ తెగులు తప్పదు, కాబట్టి ఈ లెక్కలో దేనికీ మొగ్గు లేదు.

వాసనే ముఖ్యమైతే నాటు పన్నీరు గులాబీ పెట్టుకోండి. తీగ గులాబీకి గోడ, చోటు రెండూ కావాలి.

మా ఏడో కుండీలో ఎర్రటి హైబ్రిడ్ టీ ఉంది. మే నెలలో దాన్ని తూర్పు గోడ వారకు జరుపుతాను, పొద్దుటి ఎండ చాలు దానికి. ఫ్లోరిబండా కుండీలు ఉన్నచోటనే ఉంటాయి.