ఐ20 ఎన్ లైన్: మాన్యువలా, డీసీటీయా?

హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ కొనాలనుకునేవాళ్ళు రంగు, సన్‌రూఫ్ సంగతి తర్వాత చూసుకోవచ్చు, ముందు తేల్చుకోవాల్సింది గేర్‌బాక్స్. మా తమ్ముడి దగ్గర డీసీటీ, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్న బండి ఉంది, దాన్ని హైదరాబాద్ ట్రాఫిక్‌లోనూ శ్రీశైలం రోడ్డు మీదా బాగానే తిప్పాను. నేను తీసుకున్నది మాత్రం మాన్యువల్.

2021లో ఈ కారు వచ్చినప్పుడు మాన్యువల్ అనేదే లేదు. డీసీటీ కాకపోతే ఐఎంటీ, అంటే గేర్ రాడ్ ఉంటుంది, క్లచ్ పెడల్ ఉండదు. స్పోర్టీ కారని చెప్పి క్లచ్ తీసేయడం నాకు అప్పుడే నచ్చలేదు. 2023 సెప్టెంబర్‌లో కొత్త రూపంలో తెచ్చినప్పుడు ఐఎంటీ తీసేసి 6 గేర్ల అసలైన మాన్యువల్ పెట్టారు. చాలా మంచి పని చేశారు.

ఇంజిన్ రెండింట్లోనూ ఒకటే: 1 లీటర్, 3 సిలిండర్ల టర్బో పెట్రోల్, పవర్ 120 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలతే), టార్క్ అంటే లాగే బలం 172 ఎన్ఎం. ఇది మరీ భయపెట్టే పవర్ కాదు. నా దృష్టిలో మాన్యువల్ కొనడానికి అదే పెద్ద కారణం. 250, 300 హార్స్‌పవర్ ఉన్న కారులో మన రోడ్ల మీద రెండో గేరు పూర్తిగా వాడకముందే బ్రేక్ వేయాలి, ఇందులో అలా కాదు, రెండో గేరూ మూడో గేరూ చివరిదాకా లాగొచ్చు, ఇంజిన్ ఎక్కడ మేలుకుంటుందో ఎక్కడ అలసిపోతుందో చేతికి తెలుస్తుంది. 1500 ఆర్‌పీఎం కింద మాత్రం నిద్రపోతున్నట్టే ఉంటుంది. స్పీడ్ బ్రేకర్ దాటి రెండో గేరులో బద్ధకంగా తొక్కితే వెంటనే కదలదు, ఒక్కోసారి ఫస్ట్‌కి దించాల్సిందే. ఈ పని విసుగనిపించేవాళ్ళు మాన్యువల్ జోలికి వెళ్ళకండి.

డీసీటీని తక్కువ చేయడం లేదు. దీంట్లో రెండు క్లచ్‌లుంటాయి, బేసి గేర్లు ఒకదానివి, సరి గేర్లు ఇంకోదానివి. మూడులో పోతుంటే నాలుగు ముందే సిద్ధంగా ఉంటుంది కాబట్టి మార్పు ఎంత వేగమంటే మన చేయి ఎప్పటికీ అందుకోలేదు. శ్రీశైలం రోడ్డులో మన్ననూరు దాటాక అడవిలో, తర్వాత డ్యాం వైపు దిగే మలుపుల్లో స్టీరింగ్ వెనక ప్యాడిల్స్‌తో గేరు దించుతుంటే రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉంటాయి, బ్రేకుల మీద భారం కూడా తగ్గుతుంది. ఘాట్‌లో నాకు బాగా నచ్చింది అదే. కానీ ప్యాడిల్ నొక్కినంత మాత్రాన గేరు మనదైపోదు, ఆర్‌పీఎం సరిపడదనుకుంటే మనమాట వినదు. మాన్యువల్‌లో మూడో గేరు పట్టుకుని మలుపు మొత్తం తిరగాలనుకుంటే అది మూడులోనే ఉంటుంది.

ఇక అందరూ చెప్పే మాట, "హైదరాబాద్ ట్రాఫిక్‌కి ఆటోమేటిక్ తీసుకోండి సార్". ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. ఈ డీసీటీ డ్రై క్లచ్ రకం, అంటే క్లచ్ ప్లేట్లను చల్లబరచడానికి ఆయిల్ ఉండదు. బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర సాయంత్రం అడుగు అడుగుకీ ఆగుతూ పాకుతుంటే, మన ఎడమ కాలు చేయాల్సిన హాఫ్ క్లచ్ పని లోపల ఆ ప్లేట్లే చేస్తుంటాయి, వేడెక్కుతాయి. ఏ కష్టం తప్పించుకోవడానికి ఆటోమేటిక్ కొంటున్నామో ఆ చోటే దీనికి కష్టం. కొన్నవాళ్ళు ముందు బండికి కాస్త ఖాళీ వదిలి, ఒకేసారి కదిలి, మళ్ళీ పూర్తిగా ఆగాలి. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టే అలవాటుంటే ఈ రోజే మానేయండి, బ్రేక్ వేసి పట్టుకోండి. రోజూ గంటలు గంటలు ట్రాఫిక్‌లోనే గడిపేవాళ్ళు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఈ కారు పక్కనబెట్టి మామూలు టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్ (కదిలేటప్పుడు క్లచ్ ప్లేట్ల బదులు ఆయిల్ ద్వారా పవర్ అందించేది) ఉన్న బండి చూసుకుంటే సుఖపడతారు, స్పోర్టీగా లేకపోయినా సరే.

మా తమ్ముడికి డీసీటీ సరిగ్గా సరిపోయింది. ఆఫీసుకి మెట్రోలో వెళ్తాడు, కారు తీసేది ఔటర్ మీదికీ ఊరికీ. మరదలు కూడా నడుపుతుంది, ఆమెకి గేర్లంటే ఆసక్తి లేదు. ఇంట్లో ఇద్దరు నడిపేటప్పుడు అది చిన్న విషయం కాదు.

డబ్బు సంగతి: 2023లో ఎన్6 అనే వేరియంట్ మాన్యువల్ ఎక్స్ షోరూం 9.99 లక్షలు, అదే డీసీటీ 11.10 లక్షలు. లక్ష పైన తేడా. ఆ డబ్బుతో మంచి టైర్లు వేయించుకుని, కొన్నేళ్ళ సర్వీసింగ్ కూడా లాగించొచ్చు.

టెస్ట్ డ్రైవ్‌కి వెళ్తే షోరూం వాళ్ళు డీసీటీ బండే ముందు పెట్టొచ్చు. మాన్యువల్ కావాలని ముందే ఫోన్ చేసి గట్టిగా అడగండి, వేరే బ్రాంచ్ నుంచి తెప్పించమనండి. రెండూ ఒకే రోజు, సాయంత్రం రద్దీలో ఒకసారి, ఖాళీ రోడ్డు మీద ఒకసారి నడపండి. కాలనీ చుట్టూ ఒక రౌండ్ కొట్టించి సంతకం పెట్టమంటే మాత్రం పెట్టొద్దు.