జనానికి సూర్యుణ్ని చూపించాలంటే ఫిల్టరా, తెరా?

వరంగల్, హన్మకొండ బడుల సార్లు మా వాలంటీర్లను అడిగేది ఎప్పుడూ ఒకటే: "టెలిస్కోపు ఉంది. గొట్టం ముందు భాగానికి బిగించే సోలార్ ఫిల్టర్ కొనాలా, టెలిస్కోపు నుంచి వచ్చే బొమ్మను తెర మీద వేసి చూపిస్తే సరిపోతుందా?" మేం రెండూ వాడతాం.

బొమ్మ నాణ్యతలో ఫిల్టర్‌దే పైచేయి. ఆ సన్నటి వెండిరంగు ఫిల్మ్ వెలుగులో లక్షో వంతునే లోపలికి రానిస్తుంది. సూర్యుడి మీది నల్లటి మచ్చ చుట్టూ ఉండే బూడిదరంగు అంచు కూడా స్పష్టంగా తెలుస్తుంది. చూసేవాళ్లు నలుగురైదుగురే అయితే ఇంకో ఆలోచన అక్కర్లేదు.

కానీ పబ్లిక్ గార్డెన్‌లో ఆదివారం పొద్దున పెట్టి చూడండి. లైను పెద్దది, ఐపీస్ (కన్ను పెట్టి చూసే లెన్సు) దగ్గర పట్టేది ఒక్క కన్నే. సూర్యుడు తన వెడల్పంత దూరం జరగడానికి రెండు నిమిషాలు చాలు, మోటారు లేని స్టాండయితే మాటిమాటికీ సర్దుతూనే ఉండాలి. ఈలోగా ఒక పిల్లవాడు గొట్టం పట్టుకుంటాడు, బింబం కాస్తా పోతుంది. వెనకవాళ్లు తోస్తుంటే "కనిపించింది సార్" అని తప్పుకుంటాడు. వాడికి ఏం కనిపించిందో మనకేం తెలుసు? పెద్దవాళ్లే నయం, "ఏం కనవడ్తలేదు బిడ్డా" అని మొహం మీదే చెప్పేస్తారు.

నా వరకు అసలు తేడా ఇక్కడే ఉంది. తెర మీదయితే చూపించేవాళ్లూ చూసేవాళ్లూ ఒకే బొమ్మను చూస్తారు, వేలు పెట్టి మాట్లాడుకోవచ్చు. బింబం 11 సెంటీమీటర్లు వచ్చేలా సర్ది, చిన్న కాగితం ముక్క మీద మిల్లీమీటరు చుక్క పెట్టి "ఇది మన భూమి" అనండి. సూర్యుడి వ్యాసం భూమికి 109 రెట్లని బట్టీపట్టిన పిల్లలే ఆ ముక్కను తీసుకెళ్లి మచ్చ పక్కన పెట్టి కొలుచుకుంటారు. మచ్చలను ట్రేసింగ్ పేపర్ మీద గీయించి, రెండ్రోజులాగి మళ్లీ చూపిస్తే అవి పక్కకు జరిగి ఉంటాయి. సూర్యుడు తన చుట్టూ తాను తిరుగుతాడని వేరే చెప్పే పనుండదు.

తెరతో చిక్కు లేకపోలేదు. ఐపీస్ నుంచి వచ్చేది ఫిల్టర్ లేని వెలుగు, ఎవరైనా వంగి కన్ను పెడితే చూపు పోతుంది. అందుకే విడి తెర వద్దు. ఐపీస్‌కు పెద్ద గరాటు బిగించి, దాని వెడల్పాటి మూతికి వెలుగు సగం దిగే పల్చటి తెర కట్టండి. 60-80 మిల్లీమీటర్ల లెన్సు టెలిస్కోపే వాడండి, అద్దాల టెలిస్కోపు వద్దు. ప్లాస్టిక్ ఐపీస్ వేడికి కరుగుతుంది. ఎండ ముదిరితే బొమ్మ వెలిసిపోతుంది కాబట్టి పైన గొడుగు పట్టాలి. వాలంటీరు ఒక్కరే ఉంటే మాత్రం నేనైనా ఫిల్టరే పెడతాను, అదీ చుట్టూ టేపు వేసి.

హైడ్రోజన్ వెదజల్లే ఒక ఎరుపు రంగు వెలుగును మాత్రమే చూపే హైడ్రోజన్-ఆల్ఫా టెలిస్కోపులో అంచున ఎగసే జ్వాలలు కనిపిస్తాయి. అద్భుతమే, కానీ బడి బడ్జెట్‌కు అందదు. గ్రహణం కళ్లద్దాలు లైనులో ఉన్నవాళ్ల చేతికివ్వడానికి బాగుంటాయి, అంతే.

ఏది వాడినా ఫైండర్‌ను (గురి చూడ్డానికి గొట్టం మీద ఉండే చిన్న టెలిస్కోపును) ఊడదీసి ఇంట్లో పెట్టి రండి. సూర్యుణ్ని పట్టడానికి నేల మీద గొట్టం నీడ చాలు, అది బాగా చిన్నదైనప్పుడు గురి కుదిరినట్టే.