టికెట్ సికింద్రాబాద్‌కి, దిగింది నల్లగొండలో: పానగల్లు, సాగర్ అనుభవాలు

తిరుపతి నుంచి సికింద్రాబాద్‌కి టికెట్ ఉండి మధ్యలో నల్లగొండలో దిగిపోతే ఫైన్ వేస్తారా అని మా ఇంట్లో పెద్ద చర్చే నడిచింది. వేయరు. టికెట్ ఉన్న ఊరు దాటి ముందుకెళ్తేనే జరిమానా, ముందే దిగడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. మిగిలిన దూరానికి డబ్బులు వెనక్కొస్తాయని మాత్రం లెక్కేసుకోకండి.

అసలు నల్లగొండకే తీసుకోవచ్చు కదా అంటారేమో. నారాయణాద్రి లాంటి రైళ్లలో సెలవుల టైములో మధ్య స్టేషన్లకి అడిగితే చాలాసార్లు పూల్డ్ కోటా వెయిటింగ్ లిస్టు చూపిస్తుంది, ఆ కోటాలో బెర్తులే తక్కువ, అది కన్ఫర్మ్ అవ్వాలంటే దేవుడే దిగిరావాలి. సికింద్రాబాద్ దాకా తీసుకుంటే ఎక్కువగా జనరల్ వెయిటింగ్ లిస్టు, త్వరగా కదులుతుంది. దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకి ఛార్జీ తగ్గుతుంది కాబట్టి ఆ చివరి నూరు చిల్లర కిలోమీటర్లకి పడే అదనపు ఖర్చు కూడా పెద్దగా ఏమీ ఉండదు. అమ్మతో కలిసి వెళ్తున్నప్పుడు ఆ కొంచెం డబ్బు కన్నా కన్ఫర్మ్ అయిన కింది బెర్తు చాలా ముఖ్యం.

తిరుపతి వెళ్లేటప్పుడు మాత్రం ఇలా కుదరదు. సికింద్రాబాద్ నుంచి టికెట్ తీసుకుని నల్లగొండలో ఎక్కుతామంటే ముందే బోర్డింగ్ స్టేషన్ మార్చుకోవాలి, లేకపోతే టీటీఈ మీరు రాలేదని రాసుకుని బెర్తు వేరేవాళ్లకి ఇచ్చేస్తాడు. ముందు దిగడం తేలిక, ఆలస్యంగా ఎక్కడం కష్టం, ఈ తేడా తెలియక ఇబ్బందిపడే కుటుంబాలు చాలా ఉన్నాయి.

ఇంకో సంగతి, బ్రేక్ జర్నీ. ఐదు వందల కిలోమీటర్లు దాటిన టికెట్ మీద, మొదటి ఐదు వందలు పూర్తయ్యాక, మధ్యలో ఒకచోట రెండు రోజుల దాకా ఆగి మళ్లీ వెళ్లొచ్చు. గుంటూరు మీదుగా వస్తే నల్లగొండకి చేరేసరికి ఐదు వందలు దాటుతుంది కాబట్టి అక్కడ ఆగడం రూల్ ప్రకారమే. దిగిన స్టేషన్‌లో టికెట్ మీద స్టేషన్ కోడ్, తేదీ, సంతకం వేయించుకోవాలి. రాజధాని, శతాబ్ది, జనశతాబ్దిల్లో ఈ వెసులుబాటు లేదు. మేం అక్కడి నుంచి బస్సులోనే రాదలచుకున్నాం కాబట్టి ఆ సంతకాల జోలికి పోలేదు.

రైలు నల్లగొండ చేరేది బాగా చీకటి ఉండగానే. మీ బెర్తు ఎదురుగా చార్టులో సికింద్రాబాద్ అని ఉంటుంది కాబట్టి మిమ్మల్ని ఎవరూ లేపరు. ఏసీ కోచ్ అటెండెంట్‌కి రాత్రే చెప్పాను, అయినా నేను లేచి బ్యాగులు దించుతుంటే "సార్, మీది సికింద్రాబాద్ కదా, ఇంకా టైముంది, పడుకోండి" అన్నాడు, పాపం. ఫోన్‌లో అలారం పెట్టుకోండి, మిర్యాలగూడ వచ్చేసరికి సామాను తలుపు దగ్గరికి చేర్చండి, ఆగేది కాసేపే. వందేభారత్‌లో అయితే ఇంకా జాగ్రత్త, తలుపులు వాటంతట అవే మూసుకుంటాయి. దిగిపోతున్నామని టీటీఈకి ఒక మాట చెబితే ఆ బెర్తు ఆర్ఏసీలో, అంటే పూర్తి బెర్తు దొరక్క సీటులో సర్దుకుని కూర్చున్న ఎవరికైనా పనికొస్తుంది.

స్టేషన్ బయట ఆటోలు ఉన్నాయి, నన్ను చూడగానే ఒకాయన "పానగల్లు గుడికా సార్? ఇప్పుడు తలుపులు తియ్యరు, తెల్లారినంక పోదాం, ఫస్టు లాడ్జికి పోండి" అన్నాడు. నిజాయితీ గల మాట, పొద్దున మళ్లీ ఆయన్నే పిలిచాం. లాడ్జి దగ్గర మాత్రం నాకు కోపం వచ్చింది. తెల్లవారుజామున గది తీసుకుంటే అదే రోజు పొద్దున్నే చెకౌట్ అన్నారు, అంటే నాలుగైదు గంటలు ఉన్నందుకు పూర్తి రోజు అద్దె. పక్క వీధిలో ఇరవై నాలుగు గంటల చెకౌట్ ఉన్నది దొరికింది, గది చిన్నదే కానీ దుప్పట్లు ఉతికినవి, వేడినీళ్లు వచ్చాయి, అమ్మ కాసేపు నిద్రపోయింది. తాళంచెవి తీసుకునే ముందే చెకౌట్ ఎప్పుడో అడగండి, ముఖ్యంగా పెద్దవాళ్లు ఉంటే.

పానగల్లు నల్లగొండకి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఛాయా సోమేశ్వరాలయం మొత్తం ప్రయాణంలో నాకు బాగా నచ్చిన చోటు. కందూరు చోళుల కాలం నాటి త్రికూటాలయం, ఒకే మండపానికి మూడు గర్భగుళ్లు. పడమటి గర్భగుడిలో లింగం మీద నిలువుగా ఒక స్తంభం నీడ పడుతుంది, పొద్దు ఎటు తిరిగినా అది అక్కడే ఉంటుందని అంటారు. మేం వెళ్లినప్పుడు ఎండ ఇంకా ఏటవాలుగా ఉంది, మళ్లీ కాస్త పొద్దెక్కాక చూసినా నీడ జరగలేదు, అంచు మాత్రం మెత్తబడినట్టు అనిపించింది. అమ్మ గడప దగ్గర కూర్చుని ఎంతసేపు చూసిందో! తిరుమలలో క్షణం దర్శనానికి గంటలు నిలబడిన మనిషికి ఇక్కడ తోసేవాళ్లే లేరు. దగ్గర్లోనే పచ్చల సోమేశ్వరాలయం, దాని ఆవరణలోనే మ్యూజియం. రామాయణ, భారత ఘట్టాలు చెక్కిన రాళ్లని తొందరపడకుండా చూడండి, దానికే ఒక పూట కావాలి. ఆటోవాళ్లతో ఆగే సమయం కూడా కలిపి ముందే మాట్లాడుకోవాలి.

నాగార్జునసాగర్‌కి బస్సులో హాలియా మీదుగా వెళ్లాం. గేట్లు ఎత్తిన రోజుల్లో అయితే ఆ దృశ్యం కోసమే వెళ్లొచ్చు, మిగతా రోజుల్లో డ్యామ్ కన్నా 2022లో తెరిచిన బౌద్ధ థీమ్ పార్కు బుద్ధవనమే నాకు నయమనిపించింది. 274 ఎకరాలు, అమరావతి స్తూపం నమూనాలో మహాస్తూపం, గోడల మీద జాతక కథలు. కానీ మధ్యాహ్నం రాతి నేల కాలిపోతుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లతో అయితే సాయంత్రమే వెళ్లండి.

హైదరాబాద్‌కి తిరిగి వచ్చేటప్పుడు నల్లగొండ బస్టాండ్ నుంచి చిట్యాల మీదుగా ఎల్బీనగర్ దాకా బస్సెక్కాం. మేం ఉండేది దిల్‌సుఖ్‌నగర్ కాబట్టి రైలు దిగి సికింద్రాబాద్ నుంచి రావడం కన్నా ఇదే దగ్గర. అటు అమీర్‌పేట, కూకట్‌పల్లి వైపు ఉండేవాళ్లకి మాత్రం రైలే మేలు, టికెట్ మీద బ్రేక్ జర్నీ సంతకం వేయించుకుని వచ్చేయండి.