పొరుగు గెలాక్సీల అరుణ మహాతారలకు దారి చూపే మూడు సేవలు: సింబాడ్, విజియర్, అలాదిన్

ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ ఖగోళ దత్తాంశ కేంద్రం 1972లో మొదలైంది. ఆ కేంద్రం ఇంటర్నెట్‌లో ఉచితంగా అందిస్తున్న సింబాడ్, విజియర్, అలాదిన్ అనే మూడు సేవలను నేను ఏడాదికి పైగా ఒకే పనికి వాడుతున్నాను. పొరుగు గెలాక్సీల్లో ఉన్న రెడ్ సూపర్‌జెయింట్లను, అంటే అరుణ మహాతారలను, పేరు పేరునా వెతికి, ఒక్కొక్కదాని గురించి ఇంతవరకు ఎవరెవరు ఏమేం కొలిచారో చదవడమే ఆ పని. ఈ సేవల్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచిన గుణం ఒకటుంది. ఒక తారకు ఎన్నడో తీసిన కొలతనూ, నిన్న మొన్న తీసిన కొలతనూ పక్కపక్కనే ఉంచి, ఏది ఏ పరిశోధన పత్రంలోదో చెప్పి, తీర్పు మాత్రం చదివేవారికే వదిలేస్తాయి. నిలకడలేని ఈ తారల విషయంలో ఇంతకంటే నిజాయితీ గల పద్ధతి లేదని నా నమ్మకం. కొత్తగా వచ్చేవారిని తికమక పెట్టేదీ ఇదే.

సింబాడ్‌లో తార పేరు టైప్ చేస్తే దానికున్న మారుపేర్లు, ఆకాశంలో స్థానం, స్వీయచలనం (ఆకాశంలో ఆ స్థానం మెల్లగా జరిగే తీరు), దృష్టిరేఖ వెంట వేగం, వర్ణపట తరగతి (తార కాంతిని రంగులుగా విడదీసి చూసి ఇచ్చే తరగతి), వేర్వేరు రంగుల్లో ప్రకాశం, దానిని ప్రస్తావించిన పత్రాల జాబితా ఒకే పేజీలో వస్తాయి. విజియర్ 1996 నుంచి నడుస్తున్న పట్టికల భాండాగారం. పరిశోధకులు తమ పత్రాలతో పాటు ప్రచురించిన పట్టికలు అందులో 20 వేలకు పైగా ఉన్నాయి. అలాదిన్ ఆకాశపటం. ఒకే చోటును మామూలు కాంతిలోనూ పరారుణ కాంతిలోనూ మార్చి మార్చి చూడవచ్చు, పై రెండింటి సమాచారాన్ని ఆ పటం మీదే చుక్కలుగా పరచుకోవచ్చు.

పొరుగు గెలాక్సీ అయిన పెద్ద మెజెల్లానిక్ మేఘంలోని డబ్ల్యూఓహెచ్ జి64 అనే తారతో మొదలుపెట్టమని ఎవరికైనా చెబుతాను. అది మనకు సుమారు 1,60,000 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అలాదిన్‌లో నీలి కాంతి పటం పెట్టుకుని చూస్తే ఆ తార చుట్టుపక్కల చుక్కల గుంపులో కలిసిపోతుంది, పనిగట్టుకుని వెతికితే తప్ప ఆనవాలు చిక్కదు. అదే చోట పరారుణ పటానికి మారగానే చుక్క తళుక్కున పైకి తేలుతుంది. దృశ్యకాంతికీ 2.2 మైక్రాన్ల పరారుణ కాంతికీ మధ్య దాని ప్రకాశంలో పది మాగ్నిట్యూడ్లకు (ప్రకాశాన్ని కొలిచే మెట్లకు) పైగా తేడా ఉంది, అంటే పదివేల రెట్లు మించిన తేడా. ఉపరితలం చల్లగా ఉండడం ఇందుకు ఒక కారణమైతే, తార తనలోంచి వెదజల్లిన ధూళి నీలి కాంతిని మింగి ఆ శక్తిని పరారుణంగా తిరిగి వెలువరించడం రెండో కారణం. పుస్తకంలో ఒక్క వాక్యంగా చదివి మరిచిపోయే ఈ విషయాన్ని రెండు పటాలు మార్చి చూసిన మనిషి ఇక మరిచిపోలేడు.

ఇదే తార పత్రాల జాబితాను తేదీల వరుసలో చదివితే ఇంకో కథ కనిపిస్తుంది. తొలి అంచనాల ప్రకారం దాని కాంతి నమ్మశక్యం కానంత ఎక్కువ. 2008లో కెయిచి ఓనాకా బృందం ఆ తార చుట్టూ దట్టమైన ధూళి వలయం ఉందని, ఆ వలయాన్ని మనం పక్క నుంచి కాక దాదాపు నేరుగా పైనుంచి చూస్తున్నామని గుర్తించడంతో ఆ అంచనా సుమారు సగానికి పడిపోయి, సూర్యుడికి 2,80,000 రెట్ల దగ్గర నిలిచింది. 2009లో ఎమిలీ లెవెస్క్ బృందం ఉపరితల ఉష్ణోగ్రత 3,400 కెల్విన్లు, వ్యాసార్ధం సూర్యుడికి 1,540 రెట్లు అని లెక్కకట్టింది. సూర్యుడి స్థానంలో ఆ తారను ఉంచితే దాని అంచు గురు గ్రహ కక్ష్యను దాటిపోతుంది. 2024 నవంబరులో ఓనాకా బృందమే చిలీలోని నాలుగు దూరదర్శినుల కాంతిని కలిపి తీసిన చిత్రాన్ని విడుదల చేసింది. పాలపుంతకు వెలుపలి తారకు అంత దగ్గరగా తీసిన చిత్రం అదే మొదటిది. గుడ్డు ఆకారంలో తారను కమ్ముకున్న ధూళి గూడు అందులో కనిపించింది.

కొలతలు ఇంతగా ఎందుకు మారతాయన్న ప్రశ్నకు జవాబు ఆ తారల నిర్మాణంలోనే ఉంది. వ్యాసార్ధాన్ని మనం స్కేలు పెట్టి కొలవడం లేదు. మొత్తం కాంతి నుంచి, ఉష్ణోగ్రత నుంచి లెక్కకడుతున్నాం. అదే కాంతికి ఉష్ణోగ్రతను 3,400 బదులు 3,200 కెల్విన్లుగా తీసుకుంటే వ్యాసార్ధం 13 శాతం పెరుగుతుంది. ఇక ఉష్ణోగ్రతను వర్ణపటంలోని టైటానియం ఆక్సైడ్ పట్టీలను, అంటే ఆ అణువులు కాంతిని మింగిన చోట్లను, బట్టి అంచనా వేస్తారు. ఆ పట్టీలు పుట్టేది అదుపు లేకుండా పొంగే పైపొరల్లో. 2005లో లెవెస్క్, ఫిలిప్ మాసీ బృందం కొత్త వాతావరణ నమూనాలతో ఈ కొలమానాన్ని సరిదిద్దే వరకు, చాలా అరుణ మహాతారలు సిద్ధాంతం ఒప్పుకోనంత చల్లగా ఉన్నట్టు లెక్కల్లో కనిపించేవి. 1961లో చుషిరో హయాషి చూపిన హద్దు ప్రకారం పూర్తిగా సంవహనంతో (వేడి వాయువు పైకి పొంగి, చల్లబడి కిందికి దిగే కదలికతో) మరిగే తార ఒక ఉష్ణోగ్రత కంటే దిగువన నిలకడగా ఉండలేదు. దిద్దుబాటు తర్వాత ఆ తారలు హద్దు దగ్గరికి వచ్చి నిలిచాయి. పాత ఉష్ణోగ్రతల పట్టికలు, కొత్త పట్టికలు రెండూ విజియర్‌లో దొరుకుతాయి కనుక, పట్టిక తెరిచేటప్పుడు దాని సంవత్సరం చూడడం తప్పనిసరి.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. మొదట్లో ఆండ్రోమెడా గెలాక్సీ దిశలో ఎర్రగా కనిపించిన చుక్కలన్నిటినీ విజియర్ నుంచి దించుకుని, అన్నీ అక్కడివే అనుకుని గ్రాఫ్ గీశాను. తప్పు పూర్తిగా నాదే. ఆ గెలాక్సీ 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అక్కడి మహాతార మనకు ఎంత ప్రకాశంతో, ఏ రంగులో కనిపిస్తుందో, మన పాలపుంతలోనే దగ్గరలో ఉన్న చిన్న ఎర్ర మరుగుజ్జు తార కూడా అలాగే కనిపించగలదు. వీటిని వేరు చేయడానికి 1998లో మాసీ ఒక ఉపాయం వాడారు. మహాతార ఉపరితలంపై గురుత్వం చాలా తక్కువ కాబట్టి నీలి ప్రాంతంలోని శోషణ రేఖలు మరింత బలపడతాయి. అందువల్ల రెండు రంగు తేడాలను (వేర్వేరు రంగుల్లోని ప్రకాశాల మధ్య తేడాలను) ఎదురెదురుగా గీస్తే మహాతారలు ఒక వరుసలో, మరుగుజ్జులు ఇంకో వరుసలో పడతాయి. ఇప్పుడు తారల స్థానాలను కొలిచిన గైయా ఉపగ్రహపు కొలతలు ఉన్నాయి. అంత దూరంలోని తారకు కొలవదగిన పారలాక్స్ (భూమి సూర్యుడి చుట్టూ తిరగడం వల్ల తార స్థానంలో కనిపించే జరుగుబాటు) ఉండనే ఉండదు కాబట్టి, స్పష్టమైన పారలాక్స్ కనిపించిందంటే ఆ చుక్క మన దగ్గరిదే. వేగం కూడా సాక్ష్యం చెబుతుంది, ఎందుకంటే ఆండ్రోమెడా మొత్తంగా సెకనుకు సుమారు 300 కిలోమీటర్ల వేగంతో మన వైపు వస్తోంది. అయితే ఆ గెలాక్సీ తిరుగుతూ ఉండడం వల్ల ఈశాన్య భాగంలో ఈ వేగం బాగా తగ్గి, మన తారల వేగాలకు దగ్గరగా వస్తుంది. అక్కడ జాగ్రత్త పడాలి. ఇవన్నీ సింబాడ్, విజియర్ పేజీల్లోనే సరిచూసుకోవచ్చు. నా గ్రాఫ్‌ను మళ్లీ గీసినప్పుడు చుక్కల మేఘం పలచబడి, చక్కటి నిలువు పట్టీ మిగిలింది. ఆ రోజు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

చిన్న మెజెల్లానిక్ మేఘంలోని హెచ్‌వి 11423 పేజీ కూడా చూడదగినది. వర్ణపట తరగతుల్లో కె కంటే ఎం చల్లనిది, అక్షరం పక్కన అంకె పెరిగేకొద్దీ తార ఇంకా చల్లన. ఆ తారను 2004లో కె0-కె1 తరగతిలో చూశారు, మరుసటి ఏడాది చివరికి అది ఎం తరగతి మధ్యకు జారింది. 2001 నాటి వర్ణపటంలో ఎం4.5-ఎం5 దాకా వెళ్లి ఉంది. అంటే ఉపరితలం కొన్నేళ్లలోనే దాదాపు 4,300 కెల్విన్ల నుంచి 3,300 కెల్విన్ల దాకా ఊగిసలాడింది. ఇలాంటి తారకు ఒక్క తరగతి రాసి ఊరుకునే పట్టిక ఏదైనా తప్పుదారి పట్టిస్తుంది.

ఆ మేఘంలో ఎం5 అన్నది వింతే. పాలపుంతలో అరుణ మహాతారల సగటు తరగతి ఎం2, పెద్ద మేఘంలో ఎం1, చిన్న మేఘంలో కె5-కె7. చిన్న మేఘంలో లోహాల (ఖగోళ శాస్త్రంలో హైడ్రోజన్, హీలియం కాని మూలకాలన్నిటి) పాలు సూర్యుడిలో ఉన్నదానికి ఐదో వంతు మాత్రమే. టైటానియం, ఆక్సిజన్ తక్కువైతే పట్టీలు బలహీనపడతాయి. దానితో పాటు హయాషి హద్దే వేడి వైపుకు జరుగుతుంది.

పరిణామ క్రమం గురించి తెలుసుకోవాలంటే ఒక్క తార పేజీ చాలదు, ఎన్నో పట్టికలు కలిపి చదవాలి. సూర్యుడికి సుమారు 8 నుంచి 25 లేదా 30 రెట్ల ద్రవ్యరాశితో పుట్టిన తార గర్భంలోని హైడ్రోజన్ అయిపోయాక ఉబ్బి ఈ దశకు చేరుతుంది, గర్భంలో హీలియం మండుతుండగా లక్షల ఏళ్లు ఇందులో గడుపుతుంది. వీటిలో చాలావరకు, వర్ణపటంలో హైడ్రోజన్ కనిపించే టైప్ 2-పి రకం సూపర్‌నోవాలుగా పేలతాయి. ఎం74 అనే గెలాక్సీలో 2003లో పేలిన తారను పాత చిత్రాల్లో గుర్తించగలిగారు, ఎం101 గెలాక్సీలో 2023 మేలో కొయిచి ఇతగాకి కనుగొన్న విస్ఫోటనానికి ముందున్న ధూళి కప్పిన తారనూ అలాగే గుర్తించారు. కానీ ఇలా గుర్తించిన వాటిలో సుమారు 17 సౌర ద్రవ్యరాశులు మించినవి కనిపించడం లేదని 2009లో స్టీఫెన్ స్మార్ట్ బృందం చూపింది. ఆ బరువైన తారలు ధూళి వల్ల తేలికైనవిగా భ్రమింపజేస్తున్నాయా, పేలకుండానే కృష్ణబిలాలుగా కుంగిపోతున్నాయా అన్న వాదం ఇంకా తెగలేదు.

లోటుపాట్ల విషయానికి వస్తే, పేజీల రూపం పరిశోధకులకు అలవాటైనది, కొత్తవారికి కటువైనది. తరగతి పక్కన, వేగం పక్కన ఉండే నాణ్యత అక్షరాల అర్థం తెలియకపోతే బలహీనమైన కొలతను గట్టిదిగా నమ్మే ప్రమాదం ఉంది. మొదటి పేజీలోని ప్రాథమిక వివరాల్లో వ్యాసార్ధం, మొత్తం కాంతి ఉండవు, వాటికోసం పత్రాల్లోకి వెళ్లాల్సిందే. ప్రకాశం అంకెలు వేర్వేరు రోజుల్లో తీసినవి కాబట్టి, మారే తారల రంగును వాటి తేడాతో లెక్కించకూడదు.

డిగ్రీ భౌతికశాస్త్రం చదివే విద్యార్థికి, ఓపిక ఉన్న ఔత్సాహికుడికి ఈ మూడింటినీ గట్టిగా సిఫారసు చేస్తాను. సింబాడ్‌లో డబ్ల్యూఓహెచ్ జి64 పేజీ, పక్కన అలాదిన్‌లో దాని పరారుణ పటం, మూడో ట్యాబులో విజియర్ తెరిచి పెట్టుకుని, పత్రాల జాబితాను అన్నిటికంటే పాతదాని నుంచి చదవడం మొదలుపెట్టాలి.