హన్మకొండలో పాత క్యాసెట్లను ఫైళ్లు చేసిచ్చే షాపు: 14 క్యాసెట్లు ఇచ్చి చూశాక

హన్మకొండ చౌరస్తా నుంచి వేయిస్తంభాల గుడి వైపు పోతుంటే ఒక సందులో, టైలరు షాపు పక్కన, రెండు మెట్లెక్కితే చిన్న గది. బోర్డు మీద పేరు ఎప్పుడో వెలిసిపోయింది, ఎవరినడిగినా క్యాసెట్ల షాపు అనే చూపిస్తారు. ఒకప్పుడు క్యాసెట్లు అమ్మినాయనే ఇప్పుడు మన ఇంట్లో మూలకు పడ్డ క్యాసెట్లు తీసుకుని పెన్‌డ్రైవ్‌లో వేసిస్తున్నారు. నేను మూడు విడతలుగా 14 ఇచ్చాను, ఒక్కోదానికి 150 రూపాయలు తీసుకున్నారు. పని నాకు బాగా నచ్చింది. ఒక్క క్యాసెట్ దగ్గర మాత్రం చెడగొట్టారు, మళ్లీ వాళ్లే సరిచేశారు. మీరు ఇచ్చేముందు చెప్పి ఇవ్వాల్సిన మాట ఒకటుంది కాబట్టి అదంతా వివరంగానే రాస్తున్నాను.

ఆయన పని చేస్తుంటే పక్కన కూర్చుని చూడనిస్తారు. ముందు డెక్ (క్యాసెట్ ఆడించే మెషిన్) హెడ్‌ను, అంటే రీలు తగిలి శబ్దం చదివే భాగాన్ని, స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడుస్తారు, దూది గోధుమ రంగుకి తిరుగుతుంది, తెల్లగా వచ్చేదాకా దూది మారుస్తూనే ఉంటారు. క్యాసెట్ పెట్టి ప్లే నొక్కాక సన్నటి స్క్రూడ్రైవర్‌తో హెడ్ పక్కనున్న స్క్రూను వెంట్రుకవాసి తిప్పుతూ వింటారు. మొదట పాట గొంగడి కప్పుకుని పాడినట్టు ఉంటుంది, తిప్పుతూ పోతే ఒక దగ్గర స, శ అక్షరాలు విడివిడిగా తెలుస్తాయి, వెనక తాళం చప్పుడు పైకి లేస్తుంది, అక్కడ ఆపేస్తారు. ఏ క్యాసెట్ ఏ మెషిన్‌లో రికార్డయిందో దాని హెడ్ వంపు దానిది, అందుకే ప్రతి క్యాసెట్‌కూ ఈ పని మళ్లీ మొదటి నుంచి చేయాలంటారు. ఇంట్లో టేప్‌రికార్డర్‌కి వైరు పెట్టి కంప్యూటర్‌లోకి ఎక్కించుకుందామని నేనే ఒకసారి చూశాను, ఈ స్క్రూ సంగతి తెలియక అన్నీ మందంగా వచ్చాయి.

నా రుద్రవీణ క్యాసెట్‌లో రీలును హెడ్‌కు అదిమిపెట్టే చిన్న స్పాంజి ముక్క ఊడిపోయింది. ఆయన ఐదు స్క్రూలు విప్పి, రెండు చక్రాలనూ రీలుతో సహా ఎత్తి వేరే ఖాళీ డబ్బాలో కూర్చోబెట్టారు. దానికి అదనంగా ఏమీ తీసుకోలేదు.

టైం మాత్రం పడుతుంది. 60 నిమిషాల క్యాసెట్ ఎక్కాలంటే 60 నిమిషాలు తిరగాల్సిందే, ఆయన దగ్గర ఉన్నవి రెండు డెక్‌లే. వారం అన్నది నాకు 12 రోజులైంది. తొందర ఉన్నవాళ్లు పెట్టుకోకండి.

ఈ షాపులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా అనిపించింది ఏంటంటే, క్యాసెట్‌ను క్యాసెట్‌లాగే ఇస్తారు. ఒక్కో సైడు మొత్తం ఒక ఫైలు, విడి పాటలు వేరే ఫైళ్లు, డబ్బాలోని కాగితం రెండు వైపులా తీసిన ఫొటో. ఫొటో ఎందుకనుకుంటారేమో, ఆదివారం పొద్దున అక్కడి బెంచీ మీద ఒక గంట కూర్చోండి తెలుస్తుంది. పాటల పిచ్చి ఉన్నవాళ్లు ఐదారుగురు ఎప్పుడూ ఉంటారు, కాజీపేట నుంచి వచ్చే రిటైర్డ్ రైల్వే ఆయన దగ్గర్నుంచి డిగ్రీ పిల్లల దాకా. నేను పోయిన రోజు చక్రి పాటల మీద నడుస్తోంది. ఇట్లు శ్రావణి సుబ్రమణ్యంలో 'మళ్లి కూయవే గువ్వా' ఎవరు రాశారని లొల్లి. ఒక పిల్లగాడు ఫోన్లో యాప్ తీసి చూపించాడు, అందులో సంగీతం పేరుంది, పాడినవాళ్ల పేర్లున్నాయి, రాసినాయన పేరే లేదు. షాపాయన లేచి అలమరలోంచి క్యాసెట్ తీసి కాగితం విప్పి ముందు పెట్టారు: కందికొండ. 2001లో వచ్చిన ఆ పాటతోనే ఆయన సినిమాల్లోకి వచ్చింది. నర్సంపేట దిక్కు నాగుర్లపల్లి ఆయన రాస్తే మహబూబాబాద్ దగ్గర కంబాలపల్లి చక్రి బాణీ కట్టాడు, ఇద్దరూ మన పాత వరంగల్ జిల్లా వాళ్లు, ఇద్దరూ ఇప్పుడు లేరు. అంత మంచి పాట రోజూ ఎందరో వింటున్నారు, రాసిన మనిషి పేరు మాత్రం కనబడకుండా పోతోంది. నాకైతే ఇది చాలా బాధగా ఉంటుంది.

ఇళయరాజా మీద కూడా గట్టిగానే అయింది. గీతాంజలి గొప్పదా, రుద్రవీణ గొప్పదా. రైల్వే ఆయన గీతాంజలి పక్షం, 'ఆమని పాడవే' ఒక్కటి చాలంటారు. నేను రుద్రవీణ అన్నాను, ఇప్పుడూ అదే అంటాను. ఇళయరాజాకు, బాలుగారికి ఇద్దరికీ జాతీయ అవార్డులు వచ్చాయని కాదు. 'లలిత ప్రియ కమలం' ఎంత నిండుగా ఉంటుందో, 'చుట్టూ పక్కల చూడరా' అంత సూటిగా వచ్చి తగులుతుంది, ఆ రెండూ ఒకే కథకు, సీతారామశాస్త్రిగారి ఒకే కలం నుంచి వచ్చాయి. విడివిడిగా వింటే రెండు మంచి పాటలు, క్యాసెట్ మొత్తం ఒక్క కూర్చునుడులో వింటే తండ్రీకొడుకుల గొడవ అంతా చెవుల్లోనే నడుస్తుంది. సైడు మొత్తం ఒక ఫైలుగా ఇవ్వాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఇక చెడిన క్యాసెట్ సంగతి. 1994లో మా ఇంట్లో మల్లన్న పట్నాలు (మల్లన్న దేవుడికి రంగుల ముగ్గులు వేసి చేసే పూజ) వేసినప్పుడు ఒగ్గు పూజారులు చెప్పిన కథను మా చిన్నాయన రికార్డు చేశాడు. కొత్త క్యాసెట్ దొరక్క గీతాంజలి క్యాసెట్‌కు పైనున్న రెండు బెజ్జాలు (అవి తెరిచి ఉంటే రికార్డు కాదు) ప్లాస్టరుతో మూసి దాని మీదే ఎక్కించాడు. డోలు, తాళాలు, కథ చెప్పేటాయన గొంతు, మధ్యలో మా వాకిట్లో కుక్కలు, అన్నీ ఉన్నాయి. కథ మంచి ఊపులో ఉండగా కరెంటు పోయింది. అప్పుడు మోటరు నెమ్మదై ఆగిపోయింది కదా, అట్లా నెమ్మదిగా ఎక్కింది ఇప్పుడు మామూలు వేగంతో తిరుగుతుంది, అందుకే వింటే అక్కడ పూజారి గొంతు ఒక్క క్షణం చిన్నపిల్లగాడిలా సన్నబడి పైకిపోతుంది, ఆ వెంటనే చెరగకుండా మిగిలిన గీతాంజలి పాట నడిమి చరణంలోంచి బాలుగారు అందుకుంటారు. మా ఇంట్లో అందరికీ ఆ అతుకు కంఠస్థం.

నాకు ఇచ్చిన ఫైల్లో అది లేదు. షాపులో పనిచేసే పిల్లగాడు కథ ఆగిన చోట కోసేశాడు. పైగా గరగర పోవాలని కంప్యూటర్‌లో శుభ్రం చేశాడు, దాంతో తాళాల మీది పదును మొత్తం పోయింది, డోలు నీళ్లలో మునిగి కొట్టినట్టుంది. ఇంటికొచ్చి చిన్నాయనకు వినిపిస్తే సగంలోనే లేచిపోయాడు, "ఇది మనింటి కథ కాదురా" అన్నాడు.

తిరిగి తీసుకుపోయి చెప్పాను, కొంచెం కోపంగానే చెప్పాను. షాపాయన ఏమీ వాదించలేదు. "తమ్మీ, వినేటోళ్లకు సాఫ్‌గా ఉండాలని చేసిండు పిల్లగాడు. మళ్ల ఎక్కిస్త, పైసలొద్దు" అన్నారు. బెంచీ మీద మాత్రం దాని మీదే అరగంట చర్చ. గరగర తీయకపోతే ఇన్ని డబ్బులెందుకని ఒకాయన, గరగరతో పాటే తాళం పోతే ఇంకేం మిగిలిందని నేను. సినిమా పాటలకైతే ఆయన మాట కొంత ఒప్పుకుంటాను, వాటికి వేరే మంచి ప్రతులు ఎక్కడో ఒకచోట ఉంటాయి. ఇంట్లో రికార్డు చేసుకున్నదానికి ఇంకో ప్రతి ఉండదు.

నాలుగు రోజులకు రెండో ఫైలు ఇచ్చారు. గరగర ఉంది, కుక్కలున్నాయి, గొంతు సన్నబడే ఆ క్షణం ఉంది, బాలుగారి చరణం పాట చివరిదాకా ఉంది.

కాబట్టి ఇచ్చేటప్పుడే "ఏమీ తీయొద్దు, ఏమీ కోయొద్దు, ఉన్నది ఉన్నట్టు ఎక్కించండి" అని చెప్పి చీటీ మీద రాయించుకోండి, శుభ్రం చేసింది కావాలంటే రెండో ఫైలుగా అడగండి. పెన్‌డ్రైవ్ మనమే తీసుకుపోవాలి, 16 జీబీ సరిపోయింది. సోమవారం మూసి ఉంటుంది. అసలు క్యాసెట్లు అన్నీ సరిగ్గా తిరిగి ఇచ్చారు, చిన్నాయన క్యాసెట్ మీద ఆ ప్లాస్టరు ముక్కలు కూడా అట్లాగే ఉన్నాయి.